టైమ్ ట్రావెల్ ప్రేమకథ రాస్తున్నావా? ముందు ఆ అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో రాయి

బాబూ, నీ ప్రశ్న చదివాను, దానితో పాటు పెట్టిన మొదటి అధ్యాయం కూడా పూర్తిగా చదివాను. మిగతావాళ్ళకి తెలియడానికి కథ రెండు ముక్కల్లో చెప్తాను. 2025లో ఆమదాలవలస కుర్రాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుకి ఇంటికొచ్చి బొబ్బిలి కోట చూడ్డానికి వెళ్ళి 1757లో తేలతాడు. అక్కడ ఒక రాచకన్యను ప్రేమిస్తాడు, యుద్ధం లోంచి ఆమెను కాపాడి ఇప్పటి కాలానికి తెచ్చేసుకుంటాడు. నువ్వు అడిగినవి మూడు: ఆ కాలం ఎంచుకోవడం సరైనదేనా, టైమ్ ట్రావెల్‌ని ఎంతవరకు వివరించాలి, ఆ ముగింపు నప్పుతుందా అని.

నేను విజయనగరంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. వారపత్రికలకు సీరియళ్ళు రాశాను, ఇప్పుడు ఎక్కువగా కొత్తవాళ్ళ రాతప్రతులు చదివి దిద్దుతున్నాను. ఈ రకం నవలంటే నాకు చాలా ఇష్టం, మన జిల్లాల్లో జరిగేది ఒకటి బాగా రావాలని ఎప్పట్నుంచో కోరిక. అందుకే పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఆ కాలంలో ఆ అమ్మాయి పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా ఏం పని చేస్తుంది, ఎవరి మాటకు లోబడి ఉంటుంది, ఎక్కడికి ఒంటరిగా వెళ్ళగలదు, ఒక పరాయి మగాడితో మాట్లాడితే ఏం పోగొట్టుకుంటుంది, ఇవి తేలకుండా కాలప్రయాణం జోలికి వెళ్ళొద్దు. నీ అధ్యాయంలో రాకుమారి నాలుగుసార్లు నవ్వింది, రెండుసార్లు సిగ్గుపడింది, అంతకు మించి ఏమీ చెయ్యలేదు. పట్టుచీర కట్టిన ఇప్పటి అమ్మాయిలా ఉంది. ప్రేమకథకి అడ్డంకి ఆ కాలమే కావాలి. ఇద్దరి మధ్యా నిలబడే గోడ ఆ కాలం వాళ్ళ బతుకులోంచి రాకపోతే, ఆ కథని పక్క అపార్ట్‌మెంట్లో పెట్టినా ఒకటే.

ఇక 1757. బొబ్బిలి యుద్ధం మన గుండెల్లో ఉన్న కథ, కాదనను. కానీ నీ నవలకి అది పనికిరాదు. జనవరి 24న కోట పడిపోయింది, లోపలి ఆడవాళ్ళని శత్రువు చేతికి చిక్కనివ్వకూడదని సొంతవాళ్ళే చంపేశారు, బొబ్బిలి రాజు రంగారావు పోయాడు, తర్వాత ఆయన సేనాని పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజుని డేరాలో దూరి చంపేశాడు. ఇంత పెద్ద చావు పక్కన ఇద్దరి ప్రేమ ఎవడికి పడుతుంది? పైగా ప్రేమ పుట్టడానికి టైము కావాలి, రోజులు గడవాలి, ఏమీ జరగని మధ్యాహ్నాలు కావాలి. ముట్టడిలో ఉన్న కోటలో అవేవీ దొరకవు. ఇంకో విషయం, ఇప్పుడు బొబ్బిలిలో మనం చూసే కోట ఆ కోట కాదు. పాతది యుద్ధంలోనే పోయింది, ఇప్పటిది తర్వాత కట్టుకున్నది, యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం ఉంది. నీ కుర్రాడు కోట గోడ ముట్టుకుని 1757కి వెళ్ళినట్టు రాశావు, మన ప్రాంతం పాఠకుడు ఆ వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తాడు.

నన్నడిగితే 1905 తీసుకో. కారణం చాలా సులువు. 2025 ఉగాదితో మొదలైనది విశ్వావసు నామ సంవత్సరం, సరిగ్గా రెండు ఆవృత్తాల వెనక, అంటే నూట ఇరవై ఏళ్ళ కింద, 1905 ఉగాదితో మొదలైనది కూడా విశ్వావసే. మన పంచాంగమే నీకు ఒక తలుపు చేసి పెట్టింది. అదే పేరున్న సంవత్సరంలోకే దారి తెరుచుకుంటుంది, పరాభవ ఉగాది రాగానే మూసుకుంటుంది అని ఒకే ఒక నియమం పెట్టుకో. నీ రెండో ప్రశ్నకి జవాబు ఇదే. యంత్రాలు వద్దు, శాస్త్రవేత్త మేనమామ వద్దు, తాళపత్రం వద్దు. ఒక తలుపు, ఒక గడువు, ఒక మూల్యం. మూల్యం ఏమిటంటే అక్కడ ఎన్ని రోజులుంటే ఇక్కడా అన్ని రోజులు గడిచిపోతాయి. ఆమదాలవలసలో వాళ్ళమ్మ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంది, కంపెనీ మెయిల్స్ పెట్టి పెట్టి ఉద్యోగం తీసేస్తుంది, ఇంటి లోను వాయిదాలు తప్పుతాయి. అప్పుడు అతను 1905లో ఒక్కో రోజు ఉండిపోవడానికి ఖరీదు ఉంటుంది. నువ్వు రాసినట్టు వెళ్ళిన నిమిషానికే తిరిగొచ్చేస్తే అతను పెట్టినదేమీ లేదు, ప్రేమకి బరువు రాదు.

1905లో మన ఊళ్ళు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఆధారాలు బాగా ఉన్నాయి, అది ఇంకో లాభం. ఫ్రాన్సిస్ దొర రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు 1907లో అచ్చయింది, అంటే నీ కథ జరిగే రోజుల్లోనే సమాచారం పోగు చేశారన్నమాట. పంటలు, సంతలు, రోడ్లు, కులాలు, జాతరలు అన్నీ అందులో ఉన్నాయి. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది, నీ కథ ఆ రెండింటి మధ్య పడుతుంది. ఆ నాటకంలో మనుషులు డబ్బు గురించి ఎలా మాట్లాడతారో, అప్పు ఎలా అడుగుతారో, అబద్ధం ఎలా చెప్తారో చూసి నేర్చుకో. అంతే గానీ దయచేసి గురజాడని తీసుకొచ్చి నీ ప్రేమికులకి సలహాలు ఇప్పించొద్దు. నీ రెండో అధ్యాయం ప్లానులో అది ఉంది, చూశాను. ఆయన ఆ ఏడాది విజయనగరంలోనే ఉన్నాడు, నిజమే. వీధిలో ఎదురుపడితే పడనీ, నీ కుర్రాడు గుర్తుపట్టి నోరు తెరిచి నిలబడిపోనీ, ఆయన పట్టించుకోకుండా వెళ్ళిపోవాలి. మహానుభావుల్ని కథకి పనివాళ్ళుగా వాడుకుంటే కథా పోతుంది, వాళ్ళూ పోతారు.

చిన్న చిన్న తప్పులు ఇక్కడే దిద్దేస్తాను. నువ్వు కథని ఏ ఏడాదికి మార్చినా 'శ్రీకాకుళం కలెక్టరు' అనే మాట తీసెయ్. 1905లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, దొరలు రాసేది చికాకోల్ అని. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, సొంత జిల్లా అయింది 1950లో. విజయనగరం జిల్లా ఇంకా తర్వాత, 1979లో. రైలు అప్పటికే ఉంది, 1902 నుంచి మన లైను బెంగాల్ నాగపూర్ రైల్వేది, బి.ఎన్.ఆర్. అనేవారు. నీ హీరో సొంతూరి స్టేషన్ పేరు చికాకోల్ రోడ్. అతన్ని బొబ్బిలిలో కాదు, ఆ ప్లాట్‌ఫారం మీదే దింపు. తనకి చిన్నప్పట్నుంచి తెలిసిన చోటే, తెలిసిన మనిషి ఒక్కరూ లేకుండా. రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు పైసలు. విక్టోరియా బొమ్మ రూపాయి, ఎడ్వర్డు బొమ్మ రూపాయి రెండూ చెల్లుతాయి. రోడ్డు పక్క టీ కొట్టు పెట్టకు, మన పల్లెలకి టీ తర్వాత వచ్చింది. ఫోను మొదటి రోజే ఛార్జింగ్ అయిపోనీ, దాని గురించి మళ్ళీ ఎత్తకు.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. ప్యాంటు వేసుకుని, తల క్రాపు చేయించుకుని, చేతిలో ఏమీ లేకుండా ఒక పాతికేళ్ళ మగాడు ఊళ్ళోకి వస్తే ఏమవుతుంది? ముందు ఏ ఊరని అడుగుతారు, తర్వాత ఎవరి తాలూకని, తర్వాత ఇంటిపేరు, కులం. వీటికి జవాబు లేని మనిషికి ఆ రోజుల్లో అరుగు మీద చోటు కూడా దొరకదు. నీ హీరోని అందరూ 'వింత యువకుడు' అని ఆశ్చర్యంగా చూసి భోజనం పెట్టేశారు, అలా జరగదు. కానీ దీనికి మన ప్రాంతంలోనే ఒక చక్కటి దారి ఉంది. ఆ రోజుల్లో మన తీరం నుంచి స్టీమరెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళిన కూలీలు, గుమస్తాలు చాలామంది. 'రంగం వెళ్ళాడు' అనేవారు. రంగం వెళ్ళొచ్చినవాడంటే యాస కొంచెం తేడాగా ఉన్నా, బట్టలు వేరుగా ఉన్నా, ఆచారం మర్చిపోయినా జనం ఒప్పుకుంటారు. నీ కుర్రాడి నోట ఆ అబద్ధం పెట్టు, ఆ అబద్ధాన్ని ముందుగా పట్టుకునేది హీరోయిన్ కావాలి.

"రంగమెల్లినోడివి, ఒట్టి సేతుల్తోటి వచ్చీసినావేటి?" అని ఆమె ఒక్క మాట అడిగితే చాలు. ట్రంకు పెట్టె ఏది, గొడుగు ఏది, తల్లికి తెచ్చిన బంగారం ఏది? ఆ ప్రశ్నలో ఆమె తెలివీ ఉంది, చూపూ ఉంది, ఇంట్లో ఎవరో రంగం వెళ్ళి తిరిగి రాలేదన్న సంగతి కూడా పెట్టుకోవచ్చు. నీ అధ్యాయంలో ఆమె 'ఓ అపరిచితుడా, నీవెవ్వరు' అంది. నాటకాల భాష అది. ఇంట్లో మాట్లాడుకునే భాష అప్పుడూ ఇలాగే, మన యాసలోనే, పొట్టి పొట్టి మాటల్లో ఉండేది. అయితే ప్రతి వాక్యాన్నీ యాసతో నింపేస్తే చదవడం కష్టం. ఆమె మాటల్లో ఉంచు, కథనంలో వద్దు.

ఇంటిపేరు సంగతి కూడా వదలకు, దాంట్లో బోలెడు కథ ఉంది. అతను తన అసలు ఇంటిపేరు చెప్పాడనుకో, ఆ ఇంటివాళ్ళు అక్కడే, పక్క ఊళ్ళోనే ఉంటారు, మా వాడెవడూ రంగం వెళ్ళలేదంటారు. వేరే ఇంటిపేరు చెప్తే రేపు ఆమెతో పెళ్ళిమాట వచ్చినప్పుడు అది చుట్టుకుంటుంది. పైగా నూట ఇరవై ఏళ్ళంటే నాలుగైదు తరాలు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎదురుపడిన ఏ మనిషైనా అతని ముత్తాతకి తండ్రి కావచ్చు, ఆ అమ్మాయే తన ఇంటి ముసలవ్వల్లో ఎవరికో అమ్మమ్మ కావచ్చు. ఈ భయం అతనికి కలగాలి. ఇంట్లో చిన్నప్పుడు విన్న పేర్లన్నీ గుర్తు తెచ్చుకుని, ఆమె పేరు వాటిలో ఉందా లేదా అని రాత్రంతా కూర్చుని లెక్కలు వేసుకునే అధ్యాయం ఒకటి కచ్చితంగా రాయి.

హీరోయిన్ ఎవరు? పెద్దింటి అమ్మాయి అయితే 1905లో ఇరవై ఏళ్ళకి పెళ్ళి కాకుండా ఉండదు, చాలా ఇళ్ళలో పదేళ్ళలోపే ముడి పడిపోయేది. 1891 చట్టం కాపురానికి కనీసం పన్నెండేళ్ళు ఉండాలని మాత్రమే అంది, పెళ్ళి వయసు గురించిన శారదా చట్టం 1929 దాకా రాలేదు. కాబట్టి మనవాళ్ళు రాసే పాతకాలం కథల్లో ఎప్పుడూ ఇద్దరే కనిపిస్తారు, ఒకరు గుండు గీయించిన బాలవితంతువు, ఇంకొకరు వేశ్య. ఇద్దరూ నిజమే, ఇద్దరి గురించీ గొప్పగా రాసినవాళ్ళున్నారు. కానీ మన పల్లెల్లో మారుమనువు ఉన్న కులాలు చాలానే ఉండేవి. మొగుడు పోయినా, వదిలేసినా, పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని ఇంకొకరితో కాపురం పెట్టడం ఉండేది. అక్కడ అడ్డు శాస్త్రం కాదు, పాత అత్తవారికి తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, కులపెద్దల తీర్పు, పిల్లలెవరి దగ్గర ఉండాలన్న తగువు. ఇవి ఎవరూ పెద్దగా రాయలేదు, నువ్వు రాయి.

నేనైతే ఆమెని పొందూరు వైపు నూలు వడికే ఇంట్లో పెడతాను. ఆమదాలవలసకి దగ్గరే. ఆమెకి సొంత పని ఉంటుంది, చేతిలో నాలుగు డబ్బులుంటాయి, నూలు అమ్మడానికి సంతకి వెళ్ళాల్సి ఉంటుంది, అంటే అతను ఆమెని చూడగలడు, మాట్లాడగలడు. ఆ పని చూశావా ఎప్పుడైనా? గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నని పళ్ళు వరసగా ఉంటాయి. ఎడమచేత్తో పత్తికాయలోని ఒక్కో ముక్క పట్టుకుని, కుడిచేత్తో దవడ పట్టుకుని, లోపలి నుంచి బయటికి మెల్లిగా లాగుతూ ఉంటే నలక రాలిపోతుంది, పోగులన్నీ ఒకవైపుకి సర్దుకుంటాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చేయడం, అప్పుడు రాట్నం. అంత నెమ్మదైన పని. మాట్లాడుతూ చెయ్యొచ్చు, తలెత్తకుండా చెయ్యొచ్చు, కోపం వస్తే చెయ్యి ఆగిపోతుంది, పోగు తెగుతుంది. ప్రేమ సన్నివేశానికి ఇంతకంటే ఏం కావాలి? అతను ఏదో అంటాడు, ఆమె జవాబు చెప్పదు, దువ్వడం మాత్రం ఆపేస్తుంది. 1905 స్వదేశీ ఉద్యమం మొదలైన ఏడాది కూడా. నీ కుర్రాడికి తెలుసు, ఇంకో పదిహేనేళ్ళకి ఈ నూలు గాంధీ దాకా వెళ్తుందని, ఆమెకి చెప్పలేడు, చెప్పినా ఆమెకి అవసరం లేదు. ఆమెకి కావాల్సింది వచ్చే సంతలో ధర ఎంతన్నది.

ఇంకో విషయం, ఈ నవలకి వెన్నెముక అవుతుందని నేను నమ్మేది. మశూచి. మన దేశంలో మశూచి టీకాలు 1970ల చివర్లో ఆపేశారు, 1980లో జబ్బు ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అంటే నీ హీరో 1998లో పుట్టాడంటే అతనికి ఆ టీకా లేదు, జబ్బు వచ్చి తగ్గినవాడూ కాదు. 1905కి వెళ్ళిన మరుక్షణం నుంచి ఊళ్ళో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అతనే. కానీ భుజం మీద క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మచ్చ ఉంది కదా, అది చూసి ఊరివాళ్ళు ఇతనికి టీకా పడిందనుకుంటారు, అమ్మవారు పోసిన ఇంట్లోకి ఏదో సాయానికి పంపుతారు. అతనికీ ఆ క్షణాన గుర్తు రాదు. పన్నెండు రోజులు ఏమీ ఉండదు. తర్వాత జ్వరం, నడుం నొప్పి, ఆ తర్వాత పొక్కులు. గుమ్మానికి వేపమండలు కడతారు, ఇంట్లో పోపు పెట్టరు, బయటివాళ్ళు రారు. జబ్బు అనే మాట ఎవరూ అనరు. టీకా లేనివాళ్ళలో పదిమందిలో ముగ్గురు పోయేవారు. అతని దగ్గరికి ఎవరు వెళ్ళగలరు? చిన్నప్పుడే అమ్మవారు పోసి బతికినవాళ్ళు మాత్రమే. ఆమె ముఖం నిండా ఆ మచ్చలున్నాయని మొదటి అధ్యాయంలోనే రాసి ఉంచు. సంబంధాలు తప్పిపోవడానికి కారణమైన ఆ మచ్చలే ఆమెని అతని పక్కన కూర్చోనిస్తాయి. పొక్కుల పెచ్చులు రాలేదాకా మూడు నాలుగు వారాలు, ఒక ఇంట్లో ఇద్దరే, ఊరు ఒప్పుకుని దూరంగా ఉన్న రోజులు. లేచాక అతని ముఖం కూడా ఆమె ముఖంలాగే ఉంటుంది. ఈ ప్రేమ 2025లో సాధ్యం కాదు, 1757 కోటలోనూ సాధ్యం కాదు. నేను చెప్తున్నది ఇలాంటి దాని గురించే.

కాలం గురించి రాస్తున్నావు కాబట్టి గడియారం సంగతి కూడా చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన వివరం. అప్పట్లో రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి. విజయనగరం మద్రాసుకి తూర్పున ఉంది కదా, మనకి మధ్యాహ్నం పన్నెండైన పన్నెండు పదమూడు నిమిషాలకి గానీ మద్రాసులో పన్నెండు కాదు. అంటే ఊరి లెక్కన సమయానికి స్టేషన్‌కి వచ్చినవాళ్ళకి రైలు రావడానికి ఇంకా ఆ కాస్త వ్యవధి మిగిలి ఉండేది. ఆ పన్నెండు నిమిషాలు నీ ఇద్దరికీ ఇవ్వు. తర్వాత విశ్వావసు సంవత్సరంలోనే దేశమంతటికీ ఒకే టైము, ఇప్పుడు మనం వాడేదే, వచ్చింది, 1906 జనవరి 1 నుంచి అదే అధికారికం. ఆ కొత్త టైముకీ విజయనగరం సొంత టైముకీ తేడా నాలుగు నిమిషాల లోపే. అంటే నీ నవల మధ్యలో వాళ్ళ పన్నెండు నిమిషాలు నిజంగానే తగ్గిపోతాయి, తన సెల్‌ఫోన్లో చూసిన టైము అక్కడ పుట్టడం అతను చూస్తాడు. దీన్ని ఎక్కడా విడమరిచి చెప్పకు, రెండు స్టేషన్ సన్నివేశాలు రాసి వదిలెయ్.

పైడితల్లి సిరిమాను కూడా పెట్టుకోవచ్చు, దసరా వెళ్ళిన మంగళవారం, ఊళ్ళకు ఊళ్ళు విజయనగరం వస్తాయి, ఎవరు ఎవరితో నడుస్తున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. కానీ సిరిమాను తిరిగేటప్పుడే మాయ జరిగి అతను మాయమైనట్టు మాత్రం రాయొద్దు, అందరికీ ముందుగా తట్టేది అదే.

మూడో ప్రశ్న, ముగింపు. చివరి పేజీలో ఆమెని తెచ్చి హైదరాబాదు ఫ్లాట్‌లో కూర్చోబెట్టి శుభం అనేస్తే నేను ఒప్పుకోను. తేవాలనుకుంటే పుస్తకం సగంలోనే తీసుకురా. ఆమెకి ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు, చదువు రాదు. అంతకంటే, ఆమె వాళ్ళందరూ ఒక్క నిమిషంలో ఎప్పుడో చనిపోయినవాళ్ళు అయిపోయారు, వాళ్ళ చావుకి ఆమె ఏడ్వనేలేదు. అతని తల్లి ఆమెని ఎలా చూస్తుంది? కులం అడుగుతుందా అడగదా? 1905లో అతను పడిన ప్రతి ఇబ్బందీ ఇప్పుడు ఆమెకి ఎదురవ్వాలి, ఈసారి అబద్ధం చెప్పడం అతని వంతు. పొందూరులో ఇప్పటికీ ఆడవాళ్ళు నూలు వడుకుతున్నారు, ఆమె ఒక్కరోజులో వాళ్ళ మధ్య కూర్చుని పని చెయ్యగలదు, అతను మాత్రం 1905లో ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేకపోయాడు, ఈ తేడా ఇద్దరికీ తెలియాలి. ఉగాది దగ్గర పడుతుంటుంది. వెనక్కి వెళ్ళాలా ఉండాలా అన్నది ఆమె తేల్చుకోవాలి, అతను కాదు, ఊరు కాదు, నువ్వూ కాదు. వెళ్ళిపోతానంటే అతను ఆమెతో వెళ్ళి అక్కడే ఉండిపోతాడా, వాళ్ళమ్మని ఇంకోసారి వదిలేసి? దానికి జవాబు నేను చెప్పను, అది నీ నవల. ఆ అధ్యాయం మాత్రం ఆమె వైపు నుంచి రాయి, ఇప్పటిదాకా అంతా కుర్రాడి వైపు నుంచే ఉంది.

ముందు ఒక పూట పొందూరు వెళ్ళి కూర్చుని ఆ పని చూడు, అడిగితే వాళ్ళు చక్కగా చెప్తారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి నాలుగైదు తరాల పేర్లు, ఇంటిపేర్లు, ఆడపడుచుల్ని ఇచ్చిన ఊళ్ళు ఒక కాగితం మీద రాసుకో. తర్వాత మొదటి అధ్యాయం చికాకోల్ రోడ్ ప్లాట్‌ఫారం మీద మొదలుపెట్టి మళ్ళీ రాసి ఇక్కడే పెట్టు, చదివి చెప్తాను.